కన్నాల మధ్య కొలత

హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర హాలు పేరు చెప్పాలంటే అంకె కూడా చెప్పాలి. సంధ్య 70 ఎంఎం, దేవి 70 ఎంఎం, సుదర్శన్ 35 ఎంఎం. ఇప్పుడు లోపల రీళ్లు తిరగడం లేదు, అంతా డిజిటల్ ప్రొజెక్షనే. అంకెలు మాత్రం బోర్డుల మీదా జనం నోళ్లలోనూ నిలిచిపోయాయి. నిజానికి ఆ అంకె చెప్పేది ఫిలిం పట్టీ ఎంత వెడల్పో అంతే. దాని మీద బొమ్మ ఎంత పెద్దదో తెలియాలంటే పట్టీ అంచున ఉన్న కన్నాలను లెక్కపెట్టాలి.

ఆ కన్నాల కథ 1890ల మొదట్లో అమెరికాలో మొదలైంది. ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసే డిక్సన్, ఈస్ట్‌మన్ కంపెనీ ఫిలింను నిలువునా రెండుగా చీల్చి 35 మిల్లీమీటర్ల పట్టీ తయారు చేశాడు. కెమెరాలోని పళ్ల చక్రం పట్టుకుని లాగడానికి ఒక్కో బొమ్మకు అటూ ఇటూ నాలుగేసి కన్నాలు పెట్టాడు. మూకీల కాలంలో బొమ్మ కొలత 24×18 మిల్లీమీటర్లు. టాకీ వచ్చాక శబ్దానికి ఒక పక్కన చోటివ్వాల్సి వచ్చింది. దాంతో 1932లో హాలీవుడ్ అకాడమీ బొమ్మను సుమారు 22×16కు కుదించి, ఎత్తు 1 అయితే వెడల్పు 1.37 ఉండాలని ఖాయం చేసింది. ఈ లెక్కన అడుగు ఫిలింకు 16 బొమ్మలు, సెకనుకు 24 బొమ్మల వేగంతో నిమిషానికి 90 అడుగులు పడతాయి. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది. మూడు గంటల సినిమా అంటే 16 వేల అడుగుల పైమాటే.

ఇదే పట్టీని జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అడ్డంగా తిప్పాడు. లైట్జ్ కంపెనీలో పనిచేసే ఆయన, సినిమా ఫిలిం వేసుకుని జేబులో పెట్టుకుపోగల స్టిల్ కెమెరా కావాలనుకున్నాడు. ఫిలిం పైనుంచి కిందికి కాకుండా పక్కకు నడిస్తే ఒక బొమ్మకు ఎనిమిది కన్నాల చోటు దొరుకుతుంది. అలా పుట్టిందే 24×36 కొలత, మూకీ బొమ్మకు సరిగ్గా రెట్టింపు. 1925లో లైకా పేరుతో బజారుకొచ్చిన ఆ కెమెరా కొలతే ఇవాళ డిజిటల్ కెమెరాల మీద ఫుల్ ఫ్రేమ్ అని కనిపిస్తోంది. 1954లో పారమౌంట్ స్టూడియో సినిమా కెమెరాలో కూడా ఫిలింను అడ్డంగానే నడిపి దానికి విస్టావిజన్ అని పేరు పెట్టింది. 2024లో వచ్చిన ‘ది బ్రూటలిస్ట్’ తీసింది చాలావరకు ఆ పద్ధతిలోనే. మరోవైపు ఇటలీవాళ్లు పొదుపు కోసం రెండే కన్నాలకు ఒక బొమ్మ తీసి టెక్నిస్కోప్ అన్నారు. ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ అలా తీసిందే. పట్టీ అన్నిటికీ ఒకటే అయినా బొమ్మలు మాత్రం వేరువేరు.

బొమ్మ పెద్దదైతే ఒరిగేదేమిటి? ఫిలిం మీద బొమ్మను కట్టేవి వెండి లవణాల రేణువులు. ఒకే రకం ఫిలిం అయితే చిన్న ముక్కలోనైనా పెద్ద ముక్కలోనైనా రేణువు సైజు మారదు. ముగ్గులో చుక్కల ఎడం మారనప్పుడు వాకిలి ఎంత పెద్దదైతే అంత వివరంగా ముగ్గు పెట్టుకోవచ్చు, ఇదీ అంతే. పది అంగుళాల ప్రింటు వేయాలంటే 24 మిల్లీమీటర్ల బొమ్మను పదిన్నర రెట్లు పెంచాలి. 56 మిల్లీమీటర్లదాన్ని నాలుగున్నర రెట్లు పెంచితే సరిపోతుంది. రెట్లు తగ్గినకొద్దీ గరుకు తగ్గి, చీర జరీ అంచూ ముఖం మీది నీడా తేటగా దిగుతాయి.

ఆ 56 మిల్లీమీటర్ల చతురస్రం తెలుగు ఊళ్లలోని స్టూడియోలకు బాగా తెలిసిందే. కొడాక్ 1901లో తెచ్చిన 120 రోలు అది. దానికి కన్నాలుండవు. ఫిలిం వెనక నల్ల కాగితం చుట్టి, దాని మీద అంకెలు అచ్చువేస్తారు. రోలుకు వచ్చేవి పన్నెండు బొమ్మలే. రోలీఫ్లెక్స్, యాషికా వంటి రెండు లెన్సుల కెమెరాను మెడకు తగిలించుకున్న ఫొటోగ్రాఫర్ పెళ్లి పందిట్లో తల వంచి పైనుంచి అద్దంలోకి చూసేవాడు. అందులో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. పెళ్లికొడుకు ఎడమకు జరిగితే అద్దంలో కుడికి జరుగుతాడు. ఆ తికమకను చేతికి అలవాటు చేసుకుని, మిగిలిన బొమ్మలెన్నో లెక్క చూసుకుంటూ, తలంబ్రాల నాటికి రోలు అయిపోకుండా జాగ్రత్తపడటం ఆ వృత్తిలో సగం విద్య. తాళి ముడి పడే క్షణంలో ఒక్క నొక్కు, అంతే. పాత ఆల్బముల్లో మూలలకు కాగితపు కోణాలు తొడిగిన చతురస్రపు ఫొటోలు ఇప్పటికీ అంత స్ఫుటంగా ఉన్నాయంటే, అందులో ఫిలిం కొలత పాలెంతో ఈ నిగ్రహం పాలూ అంతే.

ఇంకా వెనక్కి వెళితే అసలు పెంచడమే లేదు. 1880లలో సికిందరాబాదులో స్టూడియో పెట్టి ఆరో నిజాం కొలువులో ఫొటోలు తీసిన లాలా దీన్‌దయాళ్ వాడినవి పెద్ద గాజు పలకలు. పలకను కాగితానికి ఆనించి ఎండలో పెడితే పలకంత ప్రింటే వచ్చేది. పెంచనప్పుడు చెడేదేముంది? ఆయన తీసిన కట్టడాల్లో రాయి రాయీ విడిగా కనిపించడానికి కారణం అదే.

కొలత మారితే లెన్సు కూడా మారాలి. కంటికి సహజంగా తోచే దృశ్యానికి లైకా కొలతలో 50 మిల్లీమీటర్ల లెన్సు చాలు. 120 చతురస్రానికి 80, నాలుగు అంగుళాలకు అయిదు అంగుళాల షీటుకు 150 కావాలి. లెన్సు నిడివి పెరిగినకొద్దీ ఫోకసు పలచబడి, మనిషి వెనకున్నదంతా మెత్తగా కరిగిపోతుంది. పెద్ద ఫార్మాట్ అందం అంటూ ఛాయాగ్రాహకులు మురిసిపోయేది దీన్ని చూసే.

1953లో ‘ది రోబ్’తో వచ్చిన సినిమాస్కోప్‌ది వేరే దారి. పట్టీ 35 మిల్లీమీటర్లదే, కన్నాలూ నాలుగే. ప్రత్యేకమైన లెన్సు దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిలిం మీద దింపుతుంది. స్కోప్ ప్రింటును వెలుతురుకు పట్టి చూస్తే మనుషులు సన్నగా, పొడవాటి ముఖాలతో కనిపిస్తారు. ప్రొజెక్టర్ ముందు అలాంటి లెన్సే తగిలిస్తే మళ్లీ విచ్చుకుని తెర నిండుతారు. తెలుగులో తొలి సినిమాస్కోప్ 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’, ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి. ఆ కథకు ఆ ఆకారం సరిగ్గా అమరింది. కొండల వరుసా, ఒకే చట్రంలో మన్యం జనం బారూ, ఎదురుగా తెల్లవాళ్ల పటాలమూ పట్టాలంటే వెడల్పు ఉండాల్సిందే.

1986లో ‘సింహాసనం’తో తెలుగు తెర మీదికి 70 ఎంఎం వచ్చింది. ఈ అంకె వెనకా ఒక లెక్క ఉంది. అసలైన పద్ధతిలో నెగటివు 65 మిల్లీమీటర్లే, బొమ్మకు అయిదు కన్నాలు. ప్రింటులో పెరిగే అయిదు మిల్లీమీటర్లు అయస్కాంత పూతతో ఉండే శబ్దపు చారల కోసం. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ అలా తీసిందే. ‘షోలే’ 70 ఎంఎం ప్రింట్లను మాత్రం 35లో తీసిన నెగటివు నుంచి లండన్‌లో పెంచి వేయించారు. అందులో లాభం లేకపోలేదు: తెర వెలుగు పెరిగింది, శబ్దం నలువైపులా పరుచుకుంది. నెగటివులో లేని వివరం మాత్రం పెంచినంత మాత్రాన రాదు.

ఐమాక్స్ అదే 70ని లైకాలా అడ్డంగా నడిపి బొమ్మకు పదిహేను కన్నాలిచ్చింది. 2003లో హైదరాబాదులో ప్రసాద్స్ తెరిచినప్పుడు తెలుగు ప్రేక్షకులు ఆ కొలతను కళ్లారా చూశారు. 2023లో ‘ఓపెన్‌హైమర్’ ఐమాక్స్ ఫిలిం ప్రింటు దాదాపు 11 మైళ్ల పొడవుంది.

కొలత అంటే ఆకారం కూడా అని మర్చిపోతే ఏమవుతుందో ‘మాయాబజార్’ చెబుతుంది. 1957లో మార్కస్ బార్ట్‌లీ ఆ చిత్రాన్ని తీసింది టాకీల నాటి చదరానికి దగ్గరైన చట్రంలో. 2010లో రంగులు అద్ది విడుదల చేసినప్పుడు దాన్ని సినిమాస్కోప్ ఆకారానికి మార్చారు. సాగదీయకుండా 1.37 బొమ్మతో 2.35 తెరను పక్కల దాకా నింపాలంటే ఎత్తులో నలభై శాతానికి పైగా కోసేయక తప్పదు. ఘటోత్కచుడి కిరీటం ఉంచాలా, ముందున్న పళ్లేలు ఉంచాలా అని ఎవరో తేల్చాలి. ఛాయాగ్రాహకుడు ఏనాడో తేల్చిన విషయం అది. పాత తెలుగు సినిమాలను కొత్తగా స్కాన్ చేసేవాళ్లు తెరకు రెండు వైపులా నల్లటి ఖాళీ వదిలి, నెగటివులో ఉన్నంత ఎత్తూ చూపించాలి. ప్రేక్షకులు తెర ఎందుకు నిండలేదని అడుగుతారనుకుంటే టైటిల్స్‌కు ముందు కారణం ఒక్క వాక్యంలో రాస్తే సరిపోతుంది.