ఆవృత్తి దోషమా, గుణమా? – స్లీప్ బృందం ‘డోప్‌స్మోకర్’ ఆల్బమ్ ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికాకు చెందిన ‘స్లీప్’ రాక్ బృందం 1996లో రికార్డు చేసిన ‘డోప్‌స్మోకర్’ 2003లో ఆల్బమ్‌గా వెలువడింది. 63 నిమిషాలకు పైగా సాగే ఒకే పాట దానికి ప్రాణం. అందులో మాటలు తక్కువ, ఆవృత్తి ఎక్కువ. పాటను సాహిత్యంగా మాత్రమే చదివే విమర్శకు ఈ కృతి లొంగదు. భారతీయ ఆలంకారికుల పునరుక్తి చర్చ వెలుగులో ఈ ఆల్బమ్‌ను ఆస్వాదించడం, ఆ అనుభవం నుంచి మన జానపద గేయ సేకరణ పద్ధతిని పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆవృత్తి, పునరుక్తి, స్టోనర్ రాక్, అద్భుతరసం, ఔచిత్యం, చెక్కభజన, గేయ సేకరణ.

1. ప్రవేశిక:
తెలుగు శాఖల్లో పాటపై జరిగే పరిశోధన చాలావరకు పాటలోని మాటలపై జరిగే పరిశోధనే. వస్తువు, భాష, అలంకారాలు, సామాజిక నేపథ్యం అనే అధ్యాయాల్లో పాట ఇమిడిపోతుంది. గొంతు, వాద్యం, వ్యవధి సిద్ధాంతగ్రంథం వెలుపలే నిలిచిపోతాయి. మాటలకు అతి తక్కువ చోటున్న ఒక కృతిని ఎదురుగా పెట్టుకుంటే ఈ పద్ధతి బలమూ పరిమితీ రెండూ తెలుస్తాయి. అందుకు ‘డోప్‌స్మోకర్’ తగిన ఉదాహరణ.

స్టోనర్ రాక్ అనే పేరులోని ‘స్టోన్’కు రాయితో సంబంధం లేదు. మత్తులో ఉన్నవారిని సూచించే వ్యావహారిక పదం నుంచి ఆ పేరు వచ్చింది. మందగమనం, మంద్రస్థాయి, బరువైన నాదం, తిరిగి తిరిగి వచ్చే చిన్న స్వరగుచ్ఛం (దానినే ‘రిఫ్’ అంటారు) దీని ప్రధాన లక్షణాలు. దీని మూలాలు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన బ్లాక్ సబ్బాత్ బృందంలో ఉన్నాయి. ఆ బృందపు గిటారిస్టు టోనీ అయోమీ యౌవనంలో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. వేళ్ళకు శ్రమ తగ్గడానికి సన్నని తీగలు వాడాడు, తరువాత శ్రుతిని దించి వాయించాడు. 1971లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో ఆ దించిన శ్రుతి ఒక శైలిగా స్థిరపడింది. 1990లలో కాలిఫోర్నియా ఎడారి ప్రాంతపు కయస్ వంటి బృందాలు దానిని మరింత సాగదీశాయి. మనకు పొరుగున ఉన్న బెంగళూరులో కూడా బేవార్ సీ బృందం 2012లో ఈ శైలిలో ఆల్బమ్ వెలువరించింది.

2. ఒక కృతి – రెండు పాఠాలు:
అప్పటి స్లీప్ బృందంలో ముగ్గురు: ఆల్ సిస్నెరోస్ (గానం, బేస్ గిటారు), మాట్ పైక్ (గిటారు), క్రిస్ హాకియస్ (డ్రమ్స్). లండన్ రికార్డ్స్ సంస్థతో ఒప్పందం కుదిరిన తరువాత వారు ఈ ఒక్క పాటనే ఆల్బమ్‌గా సమర్పించారు. సంస్థ దానిని విడుదల చేయలేదు. బృందం విడిపోయింది. 1999లో ‘జెరూసలెం’ పేరుతో సుమారు 52 నిమిషాల పాఠం ఆరు భాగాలుగా వెలువడింది. 2003లో ‘డోప్‌స్మోకర్’ పేరుతో 63 నిమిషాలకు పైబడిన పాఠం వచ్చింది.

పాఠపరిష్కరణ పరిభాషలో వీటిని హ్రస్వపాఠం, దీర్ఘపాఠం అనవచ్చు. వస్తువు రెండింటిలోనూ ఒకటే. కథాసారం రాయమంటే రెండింటికీ ఒకే పేరా సరిపోతుంది. అయినా విన్నవారికి రెండూ ఒకటి కావు. హ్రస్వపాఠంలో విభాగాల గుర్తులు మజిలీల్లా ఎదురవుతాయి. దీర్ఘపాఠంలో మజిలీ లేదు, నడక మాత్రమే ఉంది. ‘మళ్ళీ అదే కదా’ అని తీసివేయదగినదిగా కనిపించే భాగమే కృతి స్వభావాన్ని నిర్ణయిస్తోందని ఈ రెండు పాఠాల పోలిక నిరూపిస్తుంది.

3. నాదస్వరూపం:
పాట గిటారుతో మొదలవుతుంది. కొంతసేపటికి బేస్ గిటారు, డ్రమ్స్ వచ్చి చేరతాయి. గొంతు వినబడేసరికి ఎనిమిది నిమిషాలు గడిచిపోతాయి. ఆ గొంతు కూడా రాగాలాపన చేయదు. దాదాపు ఒకే స్వరంపై, మంత్రపఠనంలా అక్షరాలను సాగదీస్తుంది.

రాక్ గిటారులో విరివిగా వాడే ‘పవర్ కార్డ్’ ఆధారస్వరాన్నీ దాని పంచమాన్నీ కలిపి మీటడం. మన తంబుర మోగించేదీ షడ్జమ పంచమాలనే. తంబురలో తీగకూ బ్రిడ్జికీ మధ్య ఉంచే సన్నని నూలుపోగు తీగ కంపనాన్ని మార్చి ఉపస్వరాలను పైకి తెస్తుంది. గిటారు ధ్వనిని యాంప్లిఫైయర్ భరించలేనంతగా పెంచినప్పుడు పుట్టే బొంగురుతనం కూడా ఉపస్వరాల పెరుగుదలే. ఒకటి మృదువు, మరొకటి పరుషం, అయినా చెవి రెండింటిలోనూ ఒకే పని చేస్తుంది. స్వరం మారనప్పుడు స్వరం లోపలి రంగులను వెదుకుతుంది. తంబుర కచేరీకి నేపథ్యంగా ఉంటుంది. ‘డోప్‌స్మోకర్’లో ఆ నేపథ్యమే రంగస్థలం మీదికి వచ్చింది.

రిఫ్ ప్రతిసారీ అచ్చంగా అలాగే రాదు. డ్రమ్స్‌లో ఒక దెబ్బ స్థానం మారుతుంది, ఒక స్వరం నిలుపు పెరుగుతుంది, తాళపు రేకు మోత పలచబడుతుంది. కర్ణాటక సంగీతంలో పల్లవికి సంగతులు వేయడంతో దీనిని పోల్చవచ్చు. అయితే సంగతుల్లో అలంకరణ క్రమంగా పెరుగుతుంది. ఇక్కడ పెరిగేది శ్రోత గమనింపు. పైక్ సుదీర్ఘంగా ఏకవాదన చేసే ఘట్టాల్లో మాత్రం కృతి రాక్ సంగీతపు పాత అలవాటుకు, అంటే వేళ్ళ నైపుణ్యప్రదర్శనకు, కొంత లోబడింది. ఆ చోట్ల ఏకాగ్రత సడలుతుందన్నది నా అభిప్రాయం.

4. పునరుక్తి – ఆలంకారికుల దృష్టి:
చెప్పినదే చెప్పడాన్ని భామహుడు కావ్యదోషాల్లో చేర్చాడు. అయితే భయం, శోకం, అసూయ, హర్షం, విస్మయం కలిగిన సందర్భాల్లో అది దోషం కాదని మినహాయించాడు. మనసు ఉద్వేగంలో ఉన్నప్పుడు మాట తనంతట తానే మళ్ళీ వస్తుందన్నది ఈ మినహాయింపులోని తర్కం.

‘డోప్‌స్మోకర్’ ఈ తర్కాన్ని తలకిందులు చేస్తుంది. విస్మయం కలగడం వల్ల ఆవృత్తి రావడం కాక, ఆవృత్తి వల్ల విస్మయం పుడుతుంది. మొదటి పది నిమిషాల్లో విసుగు సహజం. విసుగును దాటిన శ్రోతకు కాలం కొలత తప్పుతుంది. ఎంతసేపు గడిచిందో తెలియని ఆ స్థితిలో ఒక చిన్న స్వరభేదం కూడా పెద్ద సంఘటన అవుతుంది. విస్మయం అద్భుతరసానికి స్థాయిభావం. కనుక ఈ కృతిలో అంగిరసం అద్భుతమని నిర్ణయించవచ్చు.

5. వస్తువు – ఔచిత్యం:
పాట వస్తువు తరగతి గదికి ఇబ్బందికరమైనదే. గంజాయిని ఆరాధించే యాత్రికుల బిడారు ఎడారి దాటి పుణ్యభూమికి సాగుతుంది. మతగ్రంథాల గంభీరభాషను ఈ అల్పవస్తువుకు తొడగడంలో హాస్యం ఉంది. ఆ మాటలను కాగితం మీద విడిగా చదివితే మిగిలేది ఆ హాస్యమే. గంజాయి మన విద్యార్థుల జీవితాలను చెరుస్తున్న కాలంలో ఆ వస్తువును మెచ్చుకోవలసిన పని లేదు. ఈ సంగీతాన్ని ఆస్వాదించడానికి మత్తు అవసరమూ లేదు. కాలస్పృహను సడలించే పనిని నాదమే చేస్తోంది. మత్తు సహాయం కావలసివస్తే అది కృతికి ఓటమి అవుతుంది.

క్షేమేంద్రుడి ఔచిత్య దృష్టితో చూడవలసినది వస్తువు ఉదాత్తతను కాదు, వస్తువుకు రూపం తగిందా అన్న విషయాన్ని. సుదీర్ఘ పాదయాత్రను చెప్పే పాట సుదీర్ఘంగా, అడుగు తరువాత అడుగుగా, ఒకే బరువుతో సాగింది. ఆళ్ళగడ్డ ప్రాంతపు పాఠకులకు అహోబిల నరసింహస్వామి పారువేట ఉత్సవం తెలిసినదే. కనుమనాడు బయలుదేరిన స్వామి పల్లకి నలభై రోజులకు పైగా పల్లె పల్లెకూ తిరుగుతుంది. స్వామి తన కల్యాణానికి భక్తులను తానే పిలవబోతాడని నమ్మకం. వస్తువులో ఆ భక్తికీ ఈ పరిహాసానికీ పోలిక లేదు. పోలిక రూపంలో ఉంది. పారువేటను ఒక్కరోజుకు కుదిస్తే అదే దేవుడు, అదే పల్లకి ఉంటాయి గాని పారువేట ఉండదు. ‘జెరూసలెం’లో పోయిన పదకొండు నిమిషాల విలువ అటువంటిదే.

6. గేయ సేకరణకు పాఠం:
ఈ పరిశీలన మన పరిశోధనకు ఎక్కడ ఉపకరిస్తుంది? రాయలసీమ చెక్కభజనలో గురువు ఒక చరణం అందుకుంటే బృందం దానిని మళ్ళీ మళ్ళీ పలుకుతుంది. అడుగు మారుతుంది, వేగం మెట్లు మెట్లుగా పెరుగుతుంది. స్లీప్ బృందం వేగం పెంచకుండా సాధించిన తన్మయత్వాన్ని చెక్కభజన వేగం పెంచి సాధిస్తుంది. రెండింటికీ సాధనం ఆవృత్తే. అయితే మన సంకలనాల్లో, సిద్ధాంతగ్రంథాల్లో ఆ పాట ఎలా కనిపిస్తుంది? పల్లవి ఒకసారి అచ్చవుతుంది. తరువాత ప్రతి చరణం చివరా రెండు నిలువుగీతల మధ్య పల్లవి తొలిమాట మాత్రమే మిగులుతుంది. అరగంట ఆడిన పాట అరపుట అవుతుంది. ఆ అరపుటను చూసి ‘వస్తువైవిధ్యం తక్కువ’ అని తీర్పు చెబుతాం. పాటను జెరూసలెంకన్నా కఠినంగా కత్తిరించి, కత్తిరింపు వల్ల వచ్చిన పేదరికాన్ని పాటకు ఆపాదిస్తున్నాం.

7. ముగింపు:
• ‘డోప్‌స్మోకర్’ విలువ మాటల్లో లేదు. ఆవృత్తి ద్వారా అద్భుతరసాన్ని నిష్పన్నం చేయడంలో ఉంది.
• పునరుక్తి దోషమో గుణమో నిర్ణయించవలసినది శ్రవణానుభవం. కాగితం మీది పాఠం దానికి చాలదు.
• జానపద గేయాలను సేకరించే పరిశోధకులు ప్రతి పాటకూ మొత్తం వ్యవధిని, పల్లవి ఎన్నిసార్లు వచ్చిందీ, ప్రతి ఆవృత్తిలో గతి, అడుగు, వాద్యం ఎలా మారిందీ నమోదు చేయాలి. ధ్వనిముద్రణను సిద్ధాంతగ్రంథంలో భాగంగా సమర్పించాలి.
• చెక్కభజన కళాకారుల్లో పెద్దతరం తరిగిపోతోంది. వారు ఒక పల్లవిని ఎన్నిసార్లు, ఎందుకు అన్నిసార్లు పాడతారో అడగవలసిన కాలం ఇదే. ఆ తరువాత మన దగ్గర మిగిలేవి నిలువుగీతలు మాత్రమే.