ఎవరి తరఫు మనిషి?

మన జిల్లా కేంద్రాల్లో ఓ మోస్తరు పెద్ద ప్రైవేటు ఆసుపత్రి గేటు దాటగానే ఒక చిన్న బల్ల కనిపిస్తుంది. బల్ల వెనక ముఖ్యమంత్రి బొమ్మ ఉన్న బోర్డు, బల్ల మీద కంప్యూటరు, చుట్టూ రేషన్ కార్డు జిరాక్సులు పట్టుకున్న జనం. అక్కడ కూర్చున్న ఆరోగ్యమిత్రను వాళ్లందరూ అడిగేది ఒకే ప్రశ్న: "ఇది ఆరోగ్యశ్రీలో వస్తుందా అండీ?" జవాబు కూడా ఒక్క ముక్కలోనే వస్తుంది. వస్తుంది, లేదా రాదు.

అమెరికాలో అలాంటి బల్ల లైబ్రరీలోనో, చర్చి హాల్లోనో, పేదల క్లినిక్‌లోనో ఉంటుంది. ఏటా నవంబర్ 1న బీమా నమోదు మొదలవగానే దాని దగ్గర సందడి పెరుగుతుంది. అక్కడ కూర్చునే మనిషి పేరు నావిగేటర్. ఒక్క ముక్క జవాబు ఆయన వల్ల కాదు. ఇంట్లో ఎందరున్నారు, వచ్చే ఏడాది ఎంత సంపాదిస్తారు, ఏ రాష్ట్రంలో ఉంటున్నారు, ఏ వీసా మీద ఉన్నారు, ఇవన్నీ తేలితే గానీ ఆ కుటుంబం పేదల ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్‌కు అర్హులో, రాయితీ మీద ప్రైవేటు పాలసీ కొనుక్కోవాలో, ఏదీ దక్కదో చెప్పలేడు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే చేరడంలో మనది పైచేయి, తెలియజెప్పడంలో వాళ్లది. అయితే రెండు పైచేయిల్లోనూ ఓ మెలిక ఉంది.

చేరడం సంగతి ముందు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఎవరూ దరఖాస్తు పెట్టుకోలేదు. ప్రీమియం కట్టలేదు. ఇంట్లో తెల్ల కార్డు ఉంటే చేరినట్టే. ఇదెంత పెద్ద విషయమో మనకు తెలియదు, ఎందుకంటే చేరలేక చచ్చినవాళ్లను మనం చూడలేదు. అమెరికా చూసింది. 2008లో ఆరెగన్ రాష్ట్రం మెడికెయిడ్‌లో ఉన్న కొద్ది ఖాళీలకు లాటరీ తీసింది. దాదాపు 90 వేల మంది పేర్లిచ్చారు. లాటరీ తగిలినవాళ్లలో దరఖాస్తు నింపి తిరిగి పంపినవాళ్లు నూటికి 60 మందే. అర్హత కూడా తేలి నిజంగా చేరినవాళ్లు 30 మంది. అదృష్టం తలుపు తట్టినా ఫారం దగ్గర ఆగిపోయిందన్న మాట. 2023లో, ఎవరి పేరూ తీసేయకూడదన్న కొవిడ్ కాలపు రక్షణ తొలగాక మెడికెయిడ్ జాబితాల నుంచి రెండున్నర కోట్ల మందికి పైగా పేర్లు పోయాయి. అందులో మూడింట రెండొంతుల మందిని అనర్హులని తేల్చి తీసేయలేదు. కాగితాలు వేళకు చేరలేదని తీసేశారు.

దీనికి విరుగుడు ఎంత చవకో కూడా వాళ్ల అనుభవమే చెబుతుంది. 2017లో అక్కడి పన్నుల శాఖ, బీమా లేక జరిమానా కట్టినవాళ్లలో 39 లక్షల మందికి ఉత్తరాలు రాసింది. డబ్బు చాలక మరికొందరికి రాయలేదు. ఎవరికి రాయాలో, ఎవరిని వదలాలో చీటీలు తీసినట్టే తేల్చారు. తర్వాత పరిశోధకులు రెండు గుంపులనూ పోల్చారు. ఉత్తరం అందినవాళ్లు ఎక్కువగా బీమాలో చేరారు. 45 నుంచి 64 ఏళ్ల మధ్యవాళ్లలో, పంపిన ప్రతి 1,648 ఉత్తరాలకు ఒక చావు తప్పింది. ఒక కవరు, ఒక స్టాంపు!

నావిగేటర్ పుట్టింది ఈ లోటు పూడ్చడానికే. 2010 నాటి అఫర్డబుల్ కేర్ యాక్ట్ ఆ పదవిని చట్టంలోనే రాసింది. బీమా కంపెనీ నుంచి పైసా తీసుకోకూడదు, ఏ పాలసీ వైపూ మొగ్గకూడదు, వచ్చినవాళ్ల భాషకు, అలవాట్లకు తగ్గట్టు చెప్పాలి. ఈ మూడు షరతులూ చదివినప్పుడు నాకు అసూయ వేసింది. ఆ అసూయ ఎక్కువసేపు నిలవలేదు. నావిగేటర్లకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే నిధులు చూడండి: 2016లో 6 కోట్ల 30 లక్షల డాలర్లు, 2018లో కోటి, 2024లో 10 కోట్లు, 2025లో మళ్లీ కోటికి కోత. బాధ్యతను చట్టం నిలబెట్టింది, మనిషిని బడ్జెట్ తీసేసింది.

పైగా ఆయన విప్పాల్సిన ముడి మామూలుది కాదు. డిడక్టబుల్, కోపే, కోఇన్సూరెన్స్, ఏడాది ఖర్చుకు గరిష్ఠ పరిమితి. బీమా ఉన్న అమెరికన్లనే ఈ నాలుగింటి గురించి ఒక్కో ప్రశ్న అడిగితే నాలుగూ సరిగ్గా చెప్పినవాళ్లు నూటికి 14 మందేనని 2013లో ఒక అధ్యయనం తేల్చింది. అక్కడ పిల్లల దగ్గరకు గ్రీన్‌కార్డు మీద వెళ్లిన మన అమ్మానాన్నల అవస్థ ఊహించుకోండి. చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్‌కు అయిదేళ్లు ఆగాలి. అక్కడ ఉద్యోగం చేసినవాళ్లు కారు గనక వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ కొనుక్కోవాలన్నా అయిదేళ్లే. ఈలోపు దిక్కు ప్రభుత్వం నడిపే బీమా అంగడిలో దొరికే మార్కెట్‌ప్లేస్ పాలసీ. కొడుకు సాఫ్ట్‌వేర్ మనిషే అయినా ఆ పాలసీ చదివి తండ్రికి తెలుగులో చెప్పమంటే నీళ్లు నములుతాడు. అంత చిక్కు పెట్టుకుని, విప్పడానికి జీతానికి మనిషిని పెట్టుకోవడం నాకైతే గొప్పగా తోచదు.

మరి మన ఆరోగ్యమిత్ర? పొద్దున, రాత్రి షిఫ్టుల్లో ఉంటాడు. ఫొటో తీస్తాడు, కాగితాలు ఎక్కిస్తాడు, అప్రూవల్ వచ్చిందో లేదో చూస్తాడు. భాష అడ్డం కాదు, యాస కూడా మనదే. నావిగేటర్ పాలసీ చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తాడు. ఆరోగ్యమిత్ర రోగి మంచం దాకా వస్తాడు. ఈ దగ్గరితనం అమెరికా ఎంత ఖర్చు పెట్టినా కొనలేకపోయింది.

కానీ ఆయన తెలియజెప్పడు. కొన్నేళ్ల కిందట మాకు దూరపు బంధువు ఒకావిడకు గర్భసంచి తీయాలన్నారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బల్ల దగ్గర అడిగితే "రాదమ్మా" అన్నారు. ఆవిడ నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి చేయించుకుంది. ఆ ఆపరేషన్లు విచ్చలవిడిగా చేసేస్తున్నారన్న ఆరోపణలు వచ్చాక, ప్రభుత్వం దాన్నీ, మరికొన్ని చికిత్సల్నీ ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసిందని మాకు తర్వాత తెలిసింది. అంటే "రాదు" అన్నది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం నాలుగు వీధుల అవతల ప్రభుత్వాసుపత్రిలో ఉంది. అది చెప్పడం ఎవరి ఉద్యోగమూ కాదు. పక్కనే డబ్బు కట్టించుకునే కౌంటరు ఉన్నప్పుడు అసలే కాదు.

పరిమితుల ప్రకటనలు ఈ అజ్ఞానాన్ని ఇంకా పెంచాయి. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు పరిమితిని పది లక్షలకు పెంచింది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ పాతిక లక్షలకు. వినేవాళ్లు పాతిక లక్షల దాకా ఏ జబ్బుకైనా అనుకుంటారు. అసలు సంగతి ప్యాకేజీల జాబితాలో ఉంటుంది. నెలనెలా బీపీ, షుగర్ మాత్రలకు చాలా ఇళ్లలో డబ్బు కారిపోతుంటుంది, మెడికల్ షాపులో ఆ బిల్లు ఈ పథకం కిందకు రాదు. బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు ఆపేస్తామన్నప్పుడు కార్డు ఉన్నవాళ్లు ఎటు వెళ్లాలో కూడా ఎవరూ చెప్పరు.

ఆరోగ్యమిత్రను తిట్టడం నా ఉద్దేశం కాదు. జీతాల కోసం ధర్నాలు చేయాల్సి వస్తున్న మనిషి ఆసుపత్రి యాజమాన్యం ముందే కూర్చుని, "మీరు రోగి దగ్గర అదనంగా ఎందుకు వసూలు చేశారు?" అని అడగాలంటే వెనక ఏదో ఒక బలం ఉండాలి. నావిగేటర్‌కు చట్టం రాసిపెట్టిన షరతుల్లాంటి బలం. అది మనం ఇవ్వలేదు.

అమెరికా నుంచి తెచ్చుకోదగ్గది ఇంకొకటి ఉంది. అక్కడ బీమా కంపెనీ కాదంటే కారణం రాసివ్వాలి, రోగి అప్పీలు చేసుకోవచ్చు. ఇక్కడ రోగి చేతికి "రాదు" అన్న కాగితం వచ్చిన సందర్భం నేనైతే చూడలేదు. అయితే ఆ కాగితాన్నీ మరీ నమ్మకూడదు. ఫెడరల్ మార్కెట్‌ప్లేస్ పాలసీల్లో కంపెనీలు తోసిపుచ్చిన బిల్లుల మీద అప్పీలు చేసేది నూటికి ఒక్కరు కూడా లేరు. వాళ్లకు కాగితం ఉంది, దాన్ని పట్టుకుని వెంట నడిచేవాడు లేడు. మనకు నడిచేవాడు ఉన్నాడు, చేతిలో కాగితం లేదు. ఖర్చు లెక్కన చూస్తే మన లోటే తేలిగ్గా తీరుతుంది. మనిషి, బల్ల, కంప్యూటరు, ప్రింటరు అన్నీ అక్కడే ఉన్నాయి. ఎందుకు రాదు, ఎక్కడ వస్తుంది అని రెండు వాక్యాలు అచ్చు వేసి ఇవ్వాలని పథకం నడిపే ట్రస్టు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.

ఆ ఉత్తర్వు వచ్చేదాకా, బల్ల దగ్గర ఎవరైనా "రాదు" అంటే వెనుదిరగకండి. "ఇక్కడ రాదా, ఎక్కడా రాదా?" అని అడగండి. జవాబు తేలకపోతే డబ్బు కట్టే కౌంటరు దగ్గరకు వెళ్లే ముందు 104కు ఫోన్ చేయండి.