ఏ కథ చెప్పాలి ఆమెకు?

1999 జూన్ 19న మేజర్ పద్మపాణి ఆచార్య కార్గిల్ యుద్ధరంగం నుంచి తన తండ్రికి ఒక ఉత్తరం రాశాడు. తొమ్మిది రోజుల తర్వాత, జూన్ 28 రాత్రి, ద్రాస్ ప్రాంతంలోని ఒక శత్రుస్థావరం మీద జరిగిన దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. కార్గిల్ యుద్ధం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా ఆ ఉత్తరం మళ్ళీ అచ్చవుతూ ఉంటుంది. పోరాడే అవకాశం రావడం గురించి, కర్తవ్యం గురించి ఆయన రాసిన మాటల్ని అందరూ గుర్తు చేసుకుంటారు. అదే ఉత్తరంలో ఒక చిన్న కోరిక కూడా ఉంది. గర్భవతిగా ఉన్న తన భార్య చారులతకు రోజుకో భారతకథ చెప్పమని, దానివల్ల పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బుతాయని ఆయన తండ్రికి రాశాడు. ఈ కోరికను కాస్త ఆగి చదవాలని నా ప్రయత్నం.

అమరుడైన సైనికుడి చివరి ఉత్తరాన్ని విమర్శకు పెట్టడం తగునా అని కొందరికి అనిపించవచ్చు. పద్మపాణి ధైర్యం గురించి ఎవరికీ సందేహం లేదు. ఒరిస్సా మూలాలున్న హైదరాబాద్ కుటుంబం వాళ్ళది. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా పనిచేశారు. ఉస్మానియాలో డిగ్రీ చదివి, మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొంది, పద్మపాణి రాజపుతానా రైఫిల్స్‌లో చేరాడు. ఆ రాత్రి ఆయన కంపెనీలో ముందు నడుస్తున్న ప్లటూన్ మీద ఫిరంగి గుళ్ళు పడి చాలామంది నేలకొరిగారు. అప్పుడాయన రిజర్వు ప్లటూన్‌ను వెంటబెట్టుకుని నిటారైన కొండ ఎక్కాడు. బంకర్ దాకా పాకి గ్రెనేడ్లు విసిరాడు. తీవ్రంగా గాయపడి కదలలేని స్థితిలో తనని వదిలేసి ముందుకు పొమ్మని జవాన్లకు చెప్పి, తాను కాల్పులు కొనసాగించాడు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ప్రకటించారు. అదే పోరులో కెప్టెన్ కెంగురూస్, కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా మరణించారు.

ఈ చరిత్ర అంతా ఉండవలసిందే. నా ప్రశ్న ఈ చరిత్రలో స్త్రీకి దొరికే చోటు గురించి. కొడుకు తండ్రికి రాస్తాడు, మామగారు కోడలికి చెప్తారు, కోడలి ద్వారా కథ కడుపులోని బిడ్డకు చేరుతుంది. ఈ వరసలో అందరూ చెప్పేవాళ్ళో, అందుకునేవాళ్ళో. చారులత మాత్రం దారి. ఆ కోరికలో ప్రేమ లేదని కాదు. తాను దగ్గర లేనప్పుడు ఆమె ఒంటరిగా ఉండకూడదన్న ఆరాటం అందులో ఉంది. అయితే ప్రేమ కూడా తనకు తెలిసిన సంప్రదాయపు భాషలోనే మాట్లాడుతుంది.

అత్తాపూర్‌లో మేము కొందరం స్త్రీలం నెలకోసారి కలిసి చదువుకుంటాం. అక్కడ ఈ ఉత్తరం చర్చకు వచ్చినప్పుడు, టీచర్‌గా రిటైరైన ఒకావిడ, "కథ బిడ్డకు చేరాలంటే ముందు తల్లి వినాలి గదమ్మా! ఆమెకి ఏ కథ వినాలనుందో ఎవరైనా అడిగారా?" అన్నారు. చర్చ అక్కణ్ణించి భారతంలోకే వెళ్ళింది.

గర్భంలో కథ వినడం అనగానే మనకు గుర్తొచ్చేది అభిమన్యుడు. లోకంలో ప్రచారంలో ఉన్న కథ ప్రకారం పద్మవ్యూహం గురించి చెప్తుండగా సుభద్ర నిద్రపోయింది, కొడుక్కి బయటికొచ్చే దారి తెలియకుండా పోయింది. అంతమంది మహారథులు కలిసి ఒక కుర్రవాణ్ణి చంపితే, తప్పులో కొంత వాటా నిద్రపోయిన గర్భవతికి కూడా వేశాం. రోజుకో కథ విని బిడ్డను తీర్చిదిద్దాలన్న ఆశ వెనక ఈ నింద కూడా పొంచి ఉంటుంది.

రెండోది ఆదిపర్వంలోని అంబిక, అంబాలికల కథ. విచిత్రవీర్యుడు సంతానం లేకుండా చనిపోతే, వంశం నిలవాలని అత్త సత్యవతి కోడళ్ళని వ్యాసుడి దగ్గరికి పంపింది. వ్యాసుడు వాళ్ళకి బావగారి వరస. ఇది పురాణకాలంతో పోయిందనుకుంటాం. కానీ మన రక్షణశాఖ నిబంధనల్లో 2017 దాకా ఇది బతికే ఉంది. శౌర్య పతకం పొందిన సైనికుడి భార్యకు అందే నగదు భత్యం ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోయేది. చనిపోయిన భర్త సోదరుణ్ణి చేసుకుంటే మాత్రం కొనసాగేది. 2017 నవంబరులో ప్రభుత్వం ఆ షరతు తీసేసింది. 'వీరపత్ని' అని మనం గౌరవంగా పిలిచే మాటకు ప్రభుత్వ కాగితాల్లో ఉన్న అర్థం ఇది. ఆమె ఆ ఇంటి మనిషిగా ఉన్నంతకాలమే ఆ గౌరవానికి డబ్బు విలువ. చాలాకాలం ఆ షరతు వింతగా అనిపించకపోవడానికి కారణం మనం తరతరాలుగా వింటూ వచ్చిన కథలే.

మూడోది ఉత్తర కథ. విరాటపర్వంలో ఉత్తర బొమ్మపొత్తికల కోసం కౌరవవీరుల రంగురంగుల బట్టలు తెమ్మని బృహన్నలను అడుగుతుంది. తిక్కన చేతిలో ఆ ముచ్చట తెలుగు పాఠకుల మనసులో నిలిచిపోయింది. యుద్ధమంటే ఆ పిల్లకు బొమ్మలకు గుడ్డలు దొరికే సందర్భం. అదే ఉత్తర స్త్రీపర్వానికి వచ్చేసరికి గర్భవతి, భర్త శవం పక్కన కూర్చున్న వితంతువు. గాంధారి కృష్ణుడికి రణభూమిలో ఒక్కొక్క స్త్రీనీ చూపిస్తూ ఆమెనూ చూపిస్తుంది. విరాటపర్వం నుంచి చదువుకుంటూ వచ్చినవాళ్ళకి యుద్ధం ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. భారతకథలు చెప్పుకునేటప్పుడు మనం తరచుగా దాటేసేది ఈ స్త్రీపర్వాన్నే.

జె.పి. దత్తా తీసిన 'ఎల్.ఓ.సి. కార్గిల్' (2003)లో పద్మపాణి పాత్ర నాగార్జున వేశాడు. నాలుగు గంటలకు పైగా నడిచే ఆ సినిమాలో స్త్రీలు ఎక్కువగా జ్ఞాపకాల్లో, ఎదురుచూపుల్లో కనిపిస్తారు. వాళ్ళ స్త్రీపర్వం మొదలయ్యే చోట సినిమా అయిపోతుంది.

చారులత జీవితంలో అది అక్కడ అయిపోలేదు. యుద్ధం ముగిసిన కొన్ని నెలలకు ఆమెకు కూతురు పుట్టింది. పేరు అపరాజిత. భారతంలో ఉత్తరకు పుట్టినవాడు పరీక్షిత్తు, వంశాన్ని నిలిపిన మగబిడ్డ, రాజు. ఇక్కడ పుట్టిన ఆడపిల్ల పెద్దయి, తాను ఎన్నడూ చూడని తండ్రి గురించి 'అవర్ బబ్లూ' అనే పుస్తకం రాసింది. బబ్లూ అనేది ఆయన్ని ఇంట్లో పిలుచుకునే పేరు. పతకం మీదా, ఉత్తర్వుల్లోనూ ఉన్న పేరును పక్కనపెట్టి, ఇంట్లో నోటినిండా పిలుచుకున్న పేరును పుస్తకానికి పెట్టడం నాకు ముఖ్యంగా తోచింది. కడుపులో ఉండి కథ వినవలసిన బిడ్డ తానే కథ చెప్పింది. తండ్రిని ఎరగని పిల్ల ఆ పుస్తకం రాయగలిగిందంటే, ఆయన్ని ఎరిగినవాళ్ళు జ్ఞాపకాల్ని ఆమెదాకా మోసుకొచ్చి ఉండాలి. ఆ మోతను మన సాహిత్య చరిత్ర రచనగా లెక్కించదు.

యుద్ధసాహిత్యం అనగానే సైనికుల ఉత్తరాలు, సేనానుల ఆత్మకథలు మన ముందుకొస్తాయి. ఉత్తరం అందుకున్నవాళ్ళ రాతల్ని, చెప్పుకోలుని కూడా అందులో చేర్చుకోవాలి. 1999లో మన దేశం వైపున 527 మంది సైనికులు చనిపోయారు. వాళ్ళ ఇళ్ళలో తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు, కూతుళ్ళు ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్న కథలు ఎన్ని ఉంటాయో! వాటిలో అచ్చయినవి చాలా తక్కువ. వాటిని అడిగి, విని, రాసుకోవలసిన పని పరిశోధకులుగా మన ముందుంది. ఆ పని మొదలుపెట్టేటప్పుడు టీచరుగారి ప్రశ్ననే కొద్దిగా మార్చి అడగాలి: ఆమెకి ఏ కథ చెప్పాలనుంది?