ఘాట్ ఎక్కే ముందు

ఆత్మకూరు దాటితే బైర్లూటి, రోళ్లపెంట, దోర్నాల, ఆపైన శ్రీశైలం ఘాట్. అంతా నల్లమల. అడవిలో బండి ఆగితే పలకరించే దిక్కుండదు. అందుకే మా పాత మారుతి 800ను ముందు మెకానిక్‌కు చూపిస్తాను.

ఇంజన్ చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టడు. రబ్బరు గొట్టాన్ని వేళ్లతో నొక్కి, ఫ్యాన్ బెల్టును తిరగేసి పగుళ్లు వెతుకుతాడు. మూడు ప్లగ్గులూ విప్పి కొనలు చూస్తాడు: లేత గోధుమరంగైతే తుడిచి బిగించేస్తాడు, నల్లటి మసి ఉంటే కార్బురేటర్ వైపు తిరుగుతాడు. అనవసరంగా ఒక్క సామానూ కొననివ్వడు. ఎంత గొప్ప గుణమో!

"బ్రేకుల కాడ మాత్రం లెక్క చూడొద్దన్నా. దిగేటప్పుడు సెకండ్ గేర్లోనే రా."

ఈసారి పగుళ్లు కనబడితే బెల్టు మార్చాడు. తీసిన పాత బెల్టును పారేయలేదు. దారిలో అక్కరకొస్తుందని డిక్కీలో స్టెప్నీ పక్కన చుట్టిపెట్టాడు.