కావ్యపాత్రలపై హక్కు ఎవరిది?

హౌరా నుండి మద్రాసు వైపు పోయే రైలుమార్గములో ఖరగ్‌పూర్ ఒక పెద్ద కూడలి. పందొమ్మిదవ శతాబ్దము చివర బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఈ చోటును తమ కేంద్రాలలో ఒకదానిగా ఎంచుకొన్నారు. స్టేషను వచ్చినది, దాని వెంట వర్క్‌షాపు వచ్చినది, వర్క్‌షాపు వెంట తెలుగు కుటుంబాలు వచ్చినవి. గోల్‌బజారులోను, మథురాకాటిలోను, నింపురాలోను తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగును అధికారభాషల వరుసలో చేర్చడానికి అంగీకరించినదంటే, దానికి ముఖ్యకారణము ఈ ఊరి తెలుగువారే. ఇంటిలో ఒక సాహిత్యము, వీధిలో మరొక సాహిత్యము గల ఇటువంటి ఊరిలో కూర్చుండి ఆలోచించవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. కవి సృష్టించిన పాత్ర కవికే చెందుతుందా? లేక దానిని చదివి, ప్రేమించి, రాత్రి నిద్రలో కూడ మరువలేని పాఠకునికి అందులో కొంత భాగము ఉన్నదా?

ఖరగ్‌పూర్‌కు ఆగ్నేయముగా, సముద్రము దగ్గర కాంథి ప్రాంతము ఉన్నది. బంకించంద్రుడు 1860లో అక్కడి నేగువాలో డిప్యూటీ మేజిస్ట్రేటుగా పని చేసినాడు. 1866లో వెలువడిన ‘కపాలకుండల’ నవలకు ఆ ఇసుకతిన్నెలు, ఆ అడవి, ఆ సముద్రఘోష రంగస్థలమైనవి. కథాంతములో నవకుమారుడు, కపాలకుండల నదీప్రవాహములో పడిపోతారు. తరువాత ఏమైనదో రచయిత చెప్పడు. కథ అక్కడ ముగిసినది. కాని పాఠకుని మనస్సులో ముగియలేదు. దామోదర ముఖోపాధ్యాయుడు అనే యువకుడు ఆ నదిలోనికి దిగి ఆమెను ఒడ్డుకు తెచ్చినాడు. 1874లో ‘మృణ్మయి’ అనే పేరుతో ‘కపాలకుండల’కు కొనసాగింపు వ్రాసినాడు. మృణ్మయి అనేది కపాలకుండలకు అత్తవారింటిలో పెట్టిన పేరు. అనంతరము ‘దుర్గేశనందిని’కి కూడ ‘నవాబ్ నందిని’ అనే కొనసాగింపును ఆయనే వ్రాసినాడు.

ఒకరి పాత్రలను తీసుకొని, వానిపై గల ప్రేమచేత మరొకరు వ్రాసే కథలకు ఇంగ్లీషువారు నేడు ఫ్యాన్ ఫిక్షన్ అని పేరు పెట్టినారు. మనము దానిని అభిమాన రచన అందాము. పేరు కొత్తది, పని పాతది. దాని పట్ల రచయితలు చూపే భావము మాత్రము ఎన్నడును ఒకే తీరుగా లేదు.

కొందరికి అది దొంగతనము. సెర్వాంటిస్ తన ‘డాన్ కిహోటే’ మొదటి భాగమును 1605లో ప్రకటించినాడు. రెండవ భాగము ఆయన చేతిలో నలుగుతూ ఉండగానే, 1614లో అవెయనేడా అనే మారుపేరు గలవాడొకడు తన రెండవ భాగమును అచ్చు వేసినాడు. అంతటితో ఆగక, పీఠికలో సెర్వాంటిస్ వార్ధక్యమును ఎగతాళి చేసినాడు. ఆ గ్రంథము వలన ఆయనకు రాగల లాభమును హరిస్తున్నానని కూడ చెప్పుకొన్నాడు. సెర్వాంటిస్ 1615లో తన రెండవ భాగముతో దానికి బదులు చెప్పినాడు. దొంగ గ్రంథములోని నాయకుడు జరగోజా నగరమునకు పోయినాడు గనుక, తన నాయకుని దారి మళ్లించి బార్సిలోనాకు పంపినాడు. దొంగ గ్రంథములోని ఒక పాత్రను తన గ్రంథములోనికి రప్పించి, అసలు కిహోటే ఇతడే గాని ఆ మరొకడు కాడని అతనిచేతనే సాక్ష్యము చెప్పించినాడు. చివరకు ఎవరును మరల ఎత్తుకొనిపోకుండునట్లు తన నాయకుని చంపివేసినాడు. తన పాత్రను అన్యుడు తాకరాదన్న రచయిత, ఆ వాదమును గెలుచుటకు అన్యుని పాత్రనే వాడుకొనవలసి వచ్చినది. ఇందులో ఒక హాస్యమున్నది, ఒక సత్యమును ఉన్నది.

మరికొందరికి అది అభ్యంతరము లేని వినోదము. కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను చంపినాడు. పాఠకులు ఊరుకొనలేదు. కొన్ని సంవత్సరాలకు ఆయనయే హోమ్స్‌ను బ్రతికించవలసి వచ్చినది. ఈ నడుమ నటుడు విలియం జిలెట్ హోమ్స్‌పై నాటకము వ్రాస్తూ, అతనికి పెండ్లి చేయవచ్చునా అని అడిగినప్పుడు, పెండ్లి చేసినను, చంపినను నీ ఇష్టమన్నట్లు డాయిల్ సెలవిచ్చినాడు. మన కాలములో రోలింగ్, ధనార్జనకు కాకుండిన పక్షమున, తన పాత్రలపై అభిమానులు కథలు వ్రాయడమును సహించినది. జార్జ్ మార్టిన్ ఒప్పుకొనలేదు. రచన నేర్వదలచినవాడు తన పాత్రలను తానే సృష్టించుకొనవలెనని ఆయన వాదము. ఇరువురి మాటలోను న్యాయమున్నది. అందుచేతనే ఈ ప్రశ్న కష్టమైనది.

మన తెలుగు సంప్రదాయము ఈ విషయములో ఏమి చెప్పినది? పదునొకండవ శతాబ్దములో నన్నయ మహాభారతమును అరణ్యపర్వము నడుమ విడిచినాడు. తిక్కన పదమూడవ శతాబ్దములో విరాటపర్వమునుండి ఎత్తుకొన్నాడు. నడిమి ఖాళీని పదునాలుగవ శతాబ్దములో ఎఱ్ఱన పూరించినాడు. పూరించి, తన ప్రభువునకు గాక, నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే దానిని అంకితము చేసినాడు, నన్నయయే వ్రాసినట్లు. ఇది పేరు దొంగిలించడము కాదు, పేరు దానము చేయడము. అవెయనేడా పరుని కీర్తిని తనకై కోరినాడు. ఎఱ్ఱన తన కీర్తిని పరునికై విడిచినాడు. పైకి రెండును ఒకే పనివలె కనిపిస్తాయి. లోపలి బుద్ధి వేరు.

అనుసరణమంతయు గొప్పదని దీని అర్థము కాదు. రామరాజభూషణుని ‘వసుచరిత్ర’ను చూచి ఎందరో కవులు కావ్యాలు వ్రాసినారు. లోకము వానికి పిల్ల వసుచరిత్రలని పేరు పెట్టి ఒక మూల కూర్చుండబెట్టినది. వారు మూలములోని శ్లేషను పట్టుకొన్నారు, సంగీతమును పట్టుకొన్నారు. మూలము చెప్పక విడిచినదేదో వెదకలేదు. నిండిన కుండలో మరల నీరు పోసినవారు వారు. గురజాడ గిరీశమును తీసుకొని ముళ్లపూడి వెంకటరమణ ‘గిరీశం లెక్చర్లు’ వ్రాసినప్పుడు మాత్రము ఆ పాత్ర మరల జీవించినది. ఏలనన, గురజాడ చూడని సినిమాలోకమునకు గిరీశము వచ్చినాడు. మాట పాతది, వేదిక కొత్తది.

ఈ తేడాను అందరికంటె లోతుగా గ్రహించినవాడు రవీంద్రుడు. ‘కావ్యంలో ఉపేక్షితలు’ అనే వ్యాసములో ఆయన ఊర్మిళను గూర్చి వేదన పడినాడు. సీత అరణ్యవాసమును ఆదికవి అంత విస్తారముగా గానము చేసినాడు. పదునాలుగేండ్లు భర్త లేక అంతఃపురములో మిగిలిన ఊర్మిళకు మాత్రము అక్షరములు కరువైనవి. ‘శాకుంతలము’లోని చెలికత్తెలు, ‘కాదంబరి’లోని పత్రలేఖ కూడ ఆయనకు ఇటువంటివారే. మహాకవిని నిలదీసిన ఒక గొప్ప పాఠకుని ఫిర్యాదు అది. ఆ ఫిర్యాదు హిందీ దేశమునకు పోయినది. మహావీరప్రసాద్ ద్వివేది 1908లో కవులు ఊర్మిళ పట్ల చూపిన ఉదాసీనతను గూర్చి వ్రాసినాడు. దాని ఫలముగా మైథిలీశరణ్ గుప్తుని ‘సాకేత్’ 1931లో వెలువడినది.

కాని ఈ ఖాళీని తెలుగు స్త్రీలు చాల ముందే చూచినారని సంతోషముతో చెప్పుకొనవచ్చును. ‘ఊర్మిళాదేవి నిద్ర’ అనే పాట తరతరాలుగా మన ఇండ్లలో పాడబడినది. ఆ పాటలో ఊర్మిళ పదునాలుగేండ్లు నిద్రించినది. లక్ష్మణుడు తిరిగివచ్చి ఆమె శయ్యను సమీపించగా, ఆమె గుర్తుపట్టక, పరపురుషుడు వచ్చినాడని వణకి, పరస్త్రీని కోరినవారికి పట్టిన గతిని జ్ఞాపకము చేస్తుంది. ఏ పండితుని అనుమతిని అడిగి వారు ఈ పాట కట్టినారు? ఎవరును అడుగలేదు, ఎవరును ఆక్షేపించలేదు. వాల్మీకికి దానివలన ఒక్క శ్లోకము నష్టము కాలేదు.

ఇక్కడనే ఒక చిక్కు ఉన్నది. వాల్మీకిని అంత చనువుగా ప్రశ్నించిన రవీంద్రుడు తన పాటల విషయములో ఎంతో కఠినుడు. దిలీప్‌కుమార్ రాయ్ గాయకునికి కొంత స్వేచ్ఛ ఇమ్మని వాదించినప్పుడు ఆయన సమ్మతింపలేదు. పరులు పూరించుటకు తన పాటలో ఖాళీ విడువలేదని ఆయన పక్షము. ఆయన తరువాత విశ్వభారతివారు ఆ కట్టుబాటును 2001 చివర హక్కుల గడువు తీరేవరకు కాపాడినారు. ఇక కథల మాట. 1914లో ‘సబుజ్ పత్ర’లో ఆయన ‘స్త్రీర్ పత్ర’ వెలువడినది. అత్తవారింటిని విడిచి పూరీ చేరిన మృణాల్ అనే గృహిణి, భర్తకు వ్రాసిన ఉత్తరము అది. అది నచ్చని బిపిన్ చంద్ర పాల్ ‘మృణాలేర్ కథా’ అనే ఎదురుకథ వ్రాసినాడు. పరుల కావ్యమును ప్రశ్నించిన రచయితకు తన కావ్యముపై ప్రశ్న ఎదురైనది.

రవీంద్రుడు తనకొక న్యాయము, వాల్మీకికొక న్యాయము అన్నాడా? తొందరపడి అట్లు తీర్పు చెప్పరాదు. పాట గాయకుని గొంతులోనే బ్రతుకుతుంది. గాయకుడు స్వరము మార్చినాడంటే, వినేవానికి మారినదే పాట; మూలము దాని క్రింద కప్పబడిపోతుంది. కథ అట్లు కాదు. ‘సాకేత్’ చదివినవాడు రామాయణము తెరిచి చూడవచ్చును, అది ఎక్కడి రామాయణము అక్కడనే ఉన్నది. బిపిన్ పాల్ ఎంత ఎదురు వ్రాసినను మృణాల్ ఉత్తరములో ఒక వాక్యమైనను చెరగలేదు. పైగా రెండింటిని కలిపి చదివినవానికి ఆ ఉత్తరము కాలమును ఎంత కదిలించినదో మరింత తెలుస్తుంది. కాబట్టి మొదటి పరీక్ష ఇది: కొత్త రచన పక్కన మూలము చెక్కుచెదరక నిలిచి ఉన్నదా?

రెండవ పరీక్ష రచయిత జీవితమునకు సంబంధించినది. పని ముగించని రచయిత దారికి అడ్డుపడరాదు. సెర్వాంటిస్ కోపము న్యాయమైనది అందుకే. గతించినవారి సంగతి వేరు. శరత్‌చంద్రుడు 1938లో మరణించినప్పుడు ‘శేషేర్ పరిచయ్’ సగములో నిలిచినది. రాధారాణీ దేవి దానిని పూర్తి చేసినది. ఎవరి చేయి ఎవరిదో పాఠకునికి దాచలేదు. విభూతిభూషణుడు 1950లో పోయినాడు. అపు కుమారుడైన కాజల్ కథను ఆయన కుమారుడు తారాదాస్ వ్రాసినాడు. తండ్రి విడిచిన బాలుని కొడుకు పెంచినాడు. మూడవ పరీక్ష పిల్ల వసుచరిత్రలు నేర్పినది: మూలములో లేనిదేదో కొత్తదానిలో ఉండవలెను.

చట్టము ఈ పరీక్షలలో కొన్నింటిని తన భాషలో చెప్పినది. 1957 నాటి మన కాపీరైటు చట్టము 57వ సెక్షను, హక్కులు అమ్ముకొన్న రచయితకు కూడ తన కృతిని వికృతము చేయడమును అడ్డుకొనే అధికారమిచ్చినది. రచయిత మరణించిన తరువాత 60 ఏండ్లకు కృతి అందరి సొత్తు అవుతుంది. కాని చట్టము చెప్పగలిగినది ఎంతవరకు తప్పు కాదో మాత్రమే. ఏది వ్రాయదగినదో అది చెప్పజాలదు. అది విమర్శకుని పని.

నా మట్టుకు నేను రచయితల కోపమును తేలికగా తీసివేయలేను. పాత్ర ఊరక పుట్టదు. దానికై ఒకడు ఏండ్ల తరబడి నిద్ర మానినాడు. ఆ శ్రమను గౌరవించనివాడు అభిమాని కాడు. ఐనను, ఉపేక్షితుల పక్షము కూడ ఒకటి ఉన్నది. ఊర్మిళ ఒక్కతెయే ఉపేక్షిత కాదు. ప్రతి మహాకావ్యము వెనుకను వెలుగు పడని ముఖాలు ఉంటాయి. వారిని వెలుగులోనికి తెచ్చువాడు తరచుగా మరొక మహాకవి కాడు, వారి బంధువే.

ఈ మాట ఖరగ్‌పూర్‌లో నిలిచి చెప్పుటకు కారణము ఉన్నది. కలకత్తా నుండి పూరీకి రైలులో పోవువారు ఈ స్టేషను దాటవలసినదే. మృణాల్ పయనమునకు రవీంద్రుడు ఇక్కడ మజిలీ వ్రాయలేదు. అది ఆయన కథకు అక్కరలేదు. కాని ఆ రోజులలో ఈ పట్టాల పక్కన సుత్తి పట్టినవారు, బొగ్గు మోసినవారు, కిటికీలలో నుండి తొంగిచూచే బెంగాలీ గృహిణులను తలయెత్తి చూచిన తెలుగు ఆడువారు లేకపోలేదు. వారు బెంగాలీ కథకు పరాయివారు. ఊరు విడిచి వచ్చినందున తెలుగు కథకును దూరపువారు. రెండు సాహిత్యాల నడుమ ప్లాట్‌ఫారముపై నిలిచిపోయినవారు.

వారి మనుమరాలు ఒకతె, బడిలో బెంగాలీ చదువుకొని, ఇంటిలో అమ్మమ్మ నోట ఊర్మిళ పాట విని, ఒకనాడు ఆ రైలును ఇక్కడ రెండు నిమిషాలు ఆపి, మృణాల్‌కు మంచినీళ్లు అందించిన తెలుగు స్త్రీ కథ వ్రాసినదనుకొందాము. మృణాల్ ఉత్తరములో ఒక్క అక్షరమును ఆమె మార్చనక్కరలేదు. తన పేరు తాను పెట్టుకొంటుంది, అప్పు ఎవరికి ఉన్నదో చెప్పుకొంటుంది. ఆ కథ బాగుండవచ్చును, బాగుండకపోవచ్చును. అది వ్రాసే అధికారము ఆమెకు లేదని మాత్రము, ఊర్మిళకై కంటనీరు పెట్టిన కవి అనజాలడని నా విశ్వాసము.