యుద్ధ జ్ఞాపకం - రచయిత బాధ్యత

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటికి మా నాయనమ్మకు పదేళ్లు. మాది పర్చూరు ప్రాంతపు నల్లరేగడి పల్లె. కల్లంలో మిరపకాయలు ఏరుతూ ఆ బాంబు చప్పుడు తన చెవులతో విన్నానని ఆమె చివరిదాకా చెప్పేది.

విశాఖ మా వూరికి మూడువందల కిలోమీటర్లకు పైమాటే. కాకినాడ అయినా రెండువందలు దాటుతుంది. విద్యార్థి దశలో ఆమె మాటలు రాసుకుంటూ ఆ వాక్యం కొట్టివేశాను. వాస్తవికతకు కట్టుబడ్డాననుకున్నాను. విమర్శకుడిగా నేను చేసిన మొదటి తప్పు అదే.

ఆ వాక్యం పక్కన ఆమె ఇంకేమి చెప్పింది? చెన్నపట్నం ఖాళీ అవుతుంటే చీరాల స్టేషనులో దిగి, పెట్టె బేడాతో వచ్చిన చుట్టాల గురించి చెప్పింది. యుద్ధమని చెప్పి షావుకారు కాయ ధర తెగ్గోశాడు. అదే యుద్ధమని చెప్పి కిరసనాయిలు ధర పెంచాడు. దీపం లేక పొద్దుగూకక ముందే జొన్న సంకటి తిని పడుకున్నారు. కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ పేదవాడి మీద పడ్డది ఒకే యుద్ధం. ఈ భయాల నడుమ ఆ పిల్ల విన్నది పిడుగో, బావి తవ్వే తూటాయో తెలియదు. భయం మాత్రం కల్పన కాదు.

అయితే జ్ఞాపకమే చరిత్ర అనే వాదాన్ని కూడా నేను ఒప్పుకోను. ఆమె విన్నానన్నదని రాయడం వేరు, బాంబు మా వూరిదాకా వినిపించిందని రాయడం వేరు. పైగా ఒక కుటుంబ జ్ఞాపకానికి ఒక కల్లమంత వైశాల్యమే ఉంటుంది. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డప్పుడు, అక్కడి రేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ కూలి చేస్తున్న తెలుగువాళ్లు వేలమంది. 1942 మార్చిలో రంగూను పడిపోయాక బర్మా బియ్యం రావడం ఆగింది. అడవిదారిన నడిచి వచ్చిన ఆ కూలీల సంగతి మా నాయనమ్మకు తెలియదు. ఆమె సంకటినీ, వారి నడకనూ ఒకే సామ్రాజ్యవాద యుద్ధపు కథగా చూడవలసింది రచయితే.

1943 ఫిబ్రవరిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది మా ప్రాంతానికి దగ్గరి తెనాలిలోనే. ఆ తరం ఫాసిజానికి ఎదురు నిలిచింది. ఫాసిజాన్ని పేరు పెట్టి ఖండించడం ఎంత అవసరమో, కల్లంలో ధర కోసిన చేతిని చూపడమూ అంతే అవసరం. మొదటిది మాత్రమే చేస్తే అది వ్యాసమవుతుంది, కథ కాదు.

కొట్టివేసిన ఆ వాక్యాన్ని నోటుపుస్తకంలో మళ్లీ రాసుకున్నాను, పక్కనే దూరం కూడా వేసి. నాటి పిల్లలు నేడు పండు ముసలివాళ్లయ్యారు. యువ రచయితలు వారి దగ్గరకు వెళ్లాలి. బాంబు ఎక్కడ పడిందని మాత్రమే అడిగి వచ్చేయకండి. ఆ వారం ఇంట్లో ఏం వండారో కూడా అడగండి.