బండ వాటము

పటాన్‌చెరు మండలములోని లక్డారమునకు మొన్న నేను పోయినప్పుడు, క్రషర్ల ధూళి వేపాకులపై తెల్లగా పేరుకొనియుండగా, వృద్ధుడైన యొక వడ్డెర పనివాడు బండపై చిన్న సుత్తితో అచ్చటచ్చట తట్టి, చెవియొగ్గి వినుచుండుట చూచితిని. "రాయికి వాటముంటది సారూ, వాటం జూసి కొడితే అదే పలుగుతది" అని యాతడనెను.

ఆ మాట మనస్సులో మెదలుచుండగానే ఆదివారమునాడు గోలకొండ యెక్కితిని. కాకతీయులనాడు మట్టికోటయై, 1364లో బహమనీల వశమై, పిదప కుతుబ్‌షాహీల చేతులలో రాతికోటగా పెరిగిన యా కొండపై, బాలాహిస్సారు మెట్ల ప్రక్కన, నన్ను చాలసేపు నిలిపినది సౌధములు గావు, గోడలు. ఏనుగులవంటి గుండ్లు అడ్డమువచ్చినచోట నాటి పనివారు వానిని పగులగొట్టక, ఇరువైపుల నుండియు గోడను తెచ్చి సున్నముతో వానికే అతికిరి. ఎచ్చట కొండ ముగిసినదో, ఎచ్చట కోట మొదలైనదో కన్ను పోల్చుకొనజాలదు. బండను చదువనేర్చినవానికే గదా బండను విడిచిపెట్టుటయు తెలియును! 1687లో ఔరంగజేబు సేన యెనిమిది నెలలు ముట్టడించియు లోపలికి వచ్చినది ద్రోహి తెరచిన ద్వారమున గాని, కూలిన గోడమీదుగా గాదు.

ఒక గుండుపై మాత్రము వరుసగా తొలిచిన గుంటలు కనబడినవి. అట్టి గుంటలలో చీలలు బిగించి, ఒక్కొక్కదానిని మార్చిమార్చి మోదినచో బండ ఆ గీత వెంబడి విచ్చుకొనును. ఇది విచ్చుకొనలేదు.

లక్డారము రాయియు ఈ జాతి నల్లసేనపు రాయియే. సుమారు రెండువందల యేబది కోట్ల యేండ్ల వయస్సు గలది. క్రషరు దవడలలో అది క్షణములో ఇరువది ఎం.ఎం. కంకరయై టిప్పరుకెక్కును. ఆ కంకర లేనిదే మన యిండ్లు లేవు. అయినను యంత్రమునకు వాటముతో పనిలేదు గనుక, చెవితో రాతిని చదువు విద్యను అడుగువారే లేకపోవుట నాకు దుఃఖమును కలిగించుచున్నది.

మరునాడు మరల పోయి ఆ వృద్ధునికి గుంటల సంగతి చెప్పితిని. సుత్తి క్రింద పెట్టి, "నడుమ ఎడమెంతుంది సారూ?" అని యడిగెను. చేయి చాచి జేనకు మించి చూపితిని. ఆతడు కొంతసేపు ఆ యెడమునే చూచి, తనతో పనిచేయువాని పొరపాటును చెప్పినట్లే, మెల్లగా ననెను:

"ఎడం ఎక్కువైంది. అందుకే పలగలే."